యాప్‌లో ఫస్ట్ వచ్చిన అబ్బాయే కవరు బయటికి విసిరేస్తే

ప్రశ్న: నేను హైస్కూల్లో సైన్స్ టీచర్ని. పిల్లలకు పర్యావరణం మీద అవగాహన రావాలని మా మరిదితో (తను యాప్‌లు తయారుచేస్తాడు) ఒక చిన్న యాప్ చేయించాను. రోజుకో చిట్కా, వారానికో క్విజ్, సరైన జవాబుకు పాయింట్లు, ఎవరు ముందున్నారో చూపించే లీడర్‌బోర్డ్. మొదట్లో పిల్లలు ఎగబడ్డారు, తర్వాత ఒక్కొక్కరే మానేశారు. అన్నిటికంటే బాధ కలిగించింది ఏంటంటే, లీడర్‌బోర్డ్‌లో ఫస్ట్ ఉన్న అబ్బాయే నా కళ్ళముందు బిస్కెట్ కవరు బస్సు కిటికీలోంచి బయటికి విసిరేశాడు. పైగా మా హెడ్మాస్టరు గారు "ఫోనే పెద్ద చెత్త, దాంతో పర్యావరణం పాఠాలేంటమ్మా" అంటున్నారు. మా యాప్‌లో లోపం ఎక్కడుంది? మార్చి మళ్ళీ పెట్టమంటారా, ఉన్న యాప్‌లే వాడుకోమంటారా?
- ఒక టీచర్

సమాధానం: టీచర్ గారూ, ముందుగా ఆ అబ్బాయిని ఏమీ అనకండి. మీ యాప్ అడిగిందానికి వాడు జవాబు సరిగ్గానే చెప్పాడు, అందుకే ఫస్ట్ వచ్చాడు. ప్లాస్టిక్ గురించి వాడికి అన్నీ తెలుసు. తెలిసిన ఆ విషయానికీ తన చేతిలో ఉన్న కవరుకీ సంబంధం ఉందని చూపించే పని మాత్రం మీ యాప్‌లో ఎక్కడా లేదు, ఎందుకంటే అందులో పిల్లాడు చేయాల్సిందల్లా స్క్రీన్ చూడటం, బటన్ నొక్కడం, అంతే.

ఇది మీ ఒక్కరి యాప్‌కే ఉన్న జబ్బు కాదు. 1977 అక్టోబరులో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం కలిసి అప్పటి సోవియట్ యూనియన్‌లోని టిబిలిసి నగరంలో ఒక పెద్ద సదస్సు పెట్టాయి. పర్యావరణ విద్యకు ఐదు లక్ష్యాలు ఉండాలని అక్కడ రాసుకున్నారు: అవగాహన, జ్ఞానం, దృక్పథం, నైపుణ్యం, భాగస్వామ్యం. పర్యావరణం పేరుతో వచ్చే యాప్‌లు తెరిచి చూడండి, చాలావరకు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతాయి. చిట్కాలు చెబుతాయి, క్విజ్ పెడతాయి, భూగోళం ఏడుస్తున్న బొమ్మ ఒకటి చూపిస్తాయి. నైపుణ్యం అంటే ఒక మొక్కను చూసి గుర్తుపట్టగలగడం, నీళ్ళు ఎందుకు పచ్చబడ్డాయో ఊహించగలగడం, ఒక లెక్క తీసి పదిమంది ముందు పెట్టగలగడం. వాటి జోలికి చాలా యాప్‌లు పోవు, ఎందుకంటే వాటికి పిల్లాడు గదిలోంచి బయటికి రావాలి, యాప్ చేసేవాళ్ళకేమో పిల్లాడు స్క్రీన్ మీద ఎంతసేపు ఉన్నాడన్నదే లెక్క. నేను మాత్రం దీన్ని తలకిందులుగా చూడమంటాను. పర్యావరణం నేర్పే యాప్ మంచిదో కాదో తేల్చడానికి నా దగ్గర ఉన్న పరీక్ష ఒక్కటే: అది తెరిచిన మనిషి కళ్ళు ఎంత తొందరగా ఫోన్ మీంచి లేచి చెట్టు మీదికో, కాలవ మీదికో, ఆకాశం మీదికో వెళ్తున్నాయి?

పాయింట్ల సంగతి. పిల్లలు ఎగబడటం, తర్వాత మానేయడం, రెండూ దానివల్లే అని నా అనుమానం. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు సైకాలజిస్టులు నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టం ఉన్న పిల్లల్ని తీసుకుని, కొంతమందికి బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. మిగతావాళ్ళకు అలా ఏమీ చెప్పలేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, బహుమతి ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలు వేస్తూ కనిపించారట. ఇష్టంతో చేసే పని కాస్తా కూలికి చేసే పని అయిపోయిందన్నమాట. పాయింట్లు పెట్టకూడదనే అనను, కానీ ఎవరు ముందున్నారో చూపించే ఆ లీడర్‌బోర్డ్ మాత్రం తీసేయండి. దానివల్ల పైనున్న ఐదుగురికి పోటీ, కిందున్న ముప్ఫైమందికి సిగ్గు మిగులుతాయి. దాని బదులు "ఈ నెల మన క్లాసు మొత్తం కలిసి కొత్తగా చూసినవి ఇవి" అని ఒక జాబితా పెరుగుతూ ఉంటే చాలు.

ఇక అసలు ప్రశ్న, మీ యాప్ మార్చాలా, ఉన్నవి వాడుకోవాలా అన్నది. ఉన్నవి వాడుకోండి, కనీసం ఈ ఏడాదికి. యాప్ తయారుచేయడం ఒక ఎత్తు, దాన్ని బతికించడం ఇంకో ఎత్తు. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మార్పులు చేయాలి, సర్వర్‌కు డబ్బు కట్టాలి, పిల్లాడు ఫొటో పంపి "ఇదేంటి" అని అడిగితే ఎవరో ఒకరు జవాబివ్వాలి. మీ మరిది ఎంత మంచివాడైనా ఉద్యోగం మధ్యలో ఎన్నాళ్ళని చేస్తాడు? ఇదే పని మీద ఏళ్ళ తరబడి పెద్ద సంస్థలు కూర్చుని ఉచితంగా ఇస్తున్న యాప్‌లు ఉన్నాయి. మొక్కలు, జంతువుల ఫొటోలు పెట్టి అవేంటో తెలుసుకునే ఐనాచురలిస్ట్ 2008లో కాలిఫోర్నియాలో కొందరు విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థ. పిట్టలకైతే కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం వాళ్ళ మెర్లిన్, ఈబర్డ్ ఉన్నాయి. మొక్కలకు ఫ్రాన్స్ పరిశోధన సంస్థల ప్లాంట్‌నెట్ ఉంది. మబ్బులు, చెట్ల ఎత్తు, దోమలు పెరిగే చోట్లు లాంటివి నమోదు చేయడానికి నాసా వాళ్ళ గ్లోబ్ అబ్జర్వర్ ఉంది. అన్నీ ఒకేసారి పిల్లల మీద పోయకండి. ఒక్కటి చాలు.

ఆ ఒక్కటీ నన్నడిగితే సీక్. ఐనాచురలిస్ట్ వాళ్ళదే, 2018లో వచ్చింది, పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. పేరు, ఈమెయిల్ అడగదు, ఖాతా తెరవక్కర్లేదు, నెట్ లేని చోట కూడా కెమెరా పెడితే గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తుంది. దాంతో పాఠం ఎలా నడుస్తుందో చెబుతాను చూడండి.

గోడ పక్కన పెరిగే గడ్డి చామంతి తీసుకుందాం. ఎవరూ నాటరు, ఎవరూ పట్టించుకోరు, తొక్కుకుంటూ పోతారు. పిల్లాడు నిలబడే ఫోన్ చూపిస్తాడు. సీక్ "మొక్క" అంటుంది, మహా అయితే వర్గీకరణలో ఇంకో మెట్టు దిగి అక్కడ ఆగిపోతుంది. వాడు వంగుతాడు. ఇంకా చాలదు. మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి కదలకుండా, ఒక్క పువ్వు మాత్రమే తెరలో నిండేలా పట్టుకుంటే అప్పుడు ఒక్కో మెట్టూ దిగుతూ కుటుంబం దాకా, అదృష్టం బాగుంటే జాతి పేరు దాకా వస్తుంది. ఆ మోకాళ్ళ మీద కూర్చోవడం ఉంది చూశారూ, పాఠం అక్కడ మొదలవుతుంది, యాప్ చేయగలిగిన గొప్ప పని కూడా అదే. పేరు రాగానే పిల్లలు లేచి ఇంకో మొక్క దగ్గరికి పరుగెత్తుతారు. అక్కడ మీరు ఆపాలి. "ఫోన్ పక్కన పెట్టండి, ఇది ఒక పువ్వా, చాలా పువ్వులా?" అని అడగండి. ఒకటి కోసి చేత్తో విప్పించండి. మధ్యలో పసుపుపచ్చగా కనిపించే ముద్దలో ప్రతి చిన్న గొట్టమూ ఒక పువ్వే. చుట్టూ తెల్లగా, చివర మూడు పళ్ళున్నట్టు కనిపించే రేక ఉందే, అది కూడా విడిగా ఒక పువ్వే. పొద్దుతిరుగుడూ, బంతీ కూడా ఇదే కుటుంబం అని చెప్పి, వాటినీ తెచ్చి విప్పి చూడమనండి. ఎండిపోయిన పువ్వును ఊదితే వెంట్రుకలున్న గింజలు గాలిలో లేస్తాయి, ఈ మొక్క ఎక్కడో అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి ఇన్ని దేశాల గోడల పక్కన ఎలా నిలదొక్కుకుందో అడిగే సమయం అదే. అరగంట పడుతుంది. అందులో ఫోన్ వాడింది రెండు నిమిషాలు. ఏ క్విజ్‌లోనూ పది మార్కులకు ఇంత రాదు.

పిట్టలకు మెర్లిన్ కూడా ఇలాంటిదే, దాంట్లో శబ్దం విని గుర్తుపట్టే సదుపాయం 2021లో వచ్చింది. పిట్ట కూస్తుంటే తెర మీద ఆ కూత గీతలుగా కదులుతుంది, అదే పిట్ట మళ్ళీ కూయగానే దాని పేరు వెలుగుతుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. ఒక్క నియమం మాత్రం పెట్టండి: యాప్ పేరు చెప్పింది కదా అని రాసుకోవడం కుదరదు, కంటితో చూస్తేనే రాసుకోవాలి. గోరింకల్లాగా వేరే గొంతులు అనుకరించే పిట్టలుంటాయి, ట్రాఫిక్ చప్పుడు కలుస్తుంది, యాప్ తప్పు చెబుతుంది. తప్పు చెప్పడం కూడా మంచిదే. యంత్రం చెప్పిందాన్ని సరిచూసుకునే అలవాటు ఈ వయసులో పడితే పర్యావరణం ఒక్కటే కాదు, అన్నిచోట్లా పనికొస్తుంది.

పెద్ద క్లాసుల పిల్లలకు ఐనాచురలిస్ట్ చూపించండి. పదమూడేళ్ళు నిండనివాళ్ళు సొంతంగా ఖాతా తెరవకూడదు, కాబట్టి మీ పేరు మీద ఒక్క ఖాతా చాలు. అందులో ఫొటో, తేదీ, చోటు పెడితే ప్రపంచంలో ఎక్కడో ఉన్న మనిషి చూసి "ఇది ఫలానా" అని చెబుతాడు. చెప్పినవాళ్ళలో మూడింట రెండొంతులకు పైగా ఒకే జాతి పేరు మీద ఏకీభవిస్తే అది పరిశోధనకు పనికొచ్చే నమోదుగా మారి, శాస్త్రవేత్తలు వాడుకునే అంతర్జాతీయ డేటాబేస్‌లోకి వెళ్తుంది. మన స్కూలు వెనక తీసిన సాలీడు ఫొటోకు ముక్కూ మొహం తెలియని మనిషి జవాబిచ్చిన రోజు పిల్లల మొహాలు చూడాలి మీరు. అయితే జవాబు వెంటనే రాకపోవచ్చు, కొన్నిటికి ఎప్పటికీ రాకపోవచ్చు, అది ముందే చెప్పి ఉంచండి. ఇంకో విషయం, స్కూళ్ళ నుంచి వచ్చే ఫొటోల్లో కుండీలో మొక్కలు, స్నేహితుల మొహాలు, మసకగా ఉన్న గడ్డి ఎక్కువగా ఉంటాయి, అవన్నీ ఎవరో జీతం లేకుండా కూర్చుని ఏరాలి. నాటిన మొక్క అయితే నాటిందని గుర్తు పెట్టాలి. పంపే ముందు పిల్లలే కూర్చుని పదింటిలో రెండు మంచివి ఎంచుకోవాలి, ఆ ఎంపిక మీద జరిగే వాదన కూడా చదువే.

లొకేషన్ విషయంలో గట్టిగా ఉండండి. పిల్లల ఇళ్ళ దగ్గర తీసిన ఫొటోలకు చోటు దాచిపెట్టే సెట్టింగ్ ఆ యాప్‌లోనే ఉంది, అది వాడండి. ప్రమాదంలో ఉన్న జాతులకైతే యాపే చోటును పెద్ద గడిలో కలిపి మసకబరుస్తుంది, వేటగాళ్ళ చేతికి చిక్కకుండా. గూళ్ళు, గుడ్లు ఉన్న చోట్ల ఫొటోలు అసలు వద్దు.

ఇప్పుడు మళ్ళీ ఆ కవరు దగ్గరికి వద్దాం. మీరు అడిగిన మిగతావన్నీ ఒక ఎత్తు, నాకు ముఖ్యమనిపించింది ఇదే. ఆ అబ్బాయికి "చెత్త వేయకూడదు" అని వందోసారి చెప్పి లాభం లేదు. వాడి చేతికే లెక్క తీసే పని ఇవ్వండి. డెబ్రిస్ ట్రాకర్ అని ఒక యాప్ ఉంది, 2010లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో సముద్రంలోని చెత్త మీద పనిచేసేవాళ్ళు మొదలుపెట్టారు. నేల మీద కనిపించిన ప్రతి చెత్త ముక్కనూ రకం చూసి ఒక నొక్కు నొక్కితే, చోటుతో సహా నమోదవుతుంది. ఆ యాప్ వద్దనుకుంటే ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిల్ కూడా సరిపోతాయి, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. స్కూలు గేటు నుంచి ఒక వంద మీటర్లు కొలిచి, ముగ్గురేసి పిల్లలు: ఒకరు చూసి చెప్పాలి, ఒకరు నమోదు చేయాలి, ఒకరు చేతికి గ్లవుజు వేసుకుని సంచిలో వేయాలి. గాజు ముక్కలు, సూదులు కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దవాళ్ళను పిలవాలి.

చివరికి జాబితా తీసి చూస్తే అందరూ అనుకున్నది ఒకటి, పైన కనిపించేది ఇంకొకటి అవడం మామూలే. సిగరెట్ పీకలు చాలా చోట్ల పైకొస్తాయి. దాని ఫిల్టరు చూడటానికి దూదిలా ఉంటుంది గానీ, సెల్యులోజ్ అసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్. అది పిల్లలకే కాదు, తాగే పెద్దలకు కూడా చాలామందికి తెలియదు. లేదా కవర్లు బాగా తక్కువుండి, కవరు కత్తిరించిన మూల ముక్కలే ఎక్కువుండొచ్చు, అప్పుడు పిల్లలే ఆలోచిస్తారు, పెద్ద కవరు ఏరేవాళ్ళున్నారు, ఈ మూల ముక్కను ఎవరూ ఏరరు అని. అదే వంద మీటర్లు, నెలకోసారి, ఏడాదంతా. మధ్యలో ఒక చెత్తడబ్బా పెట్టించి ముందూ వెనకా లెక్క చూడండి. తగ్గిందా, డబ్బా చుట్టూనే పోగైందా? ఆ లెక్కను పిల్లలే పట్టుకెళ్ళి స్కూలు కమిటీ ముందో, ఆ వీధి బాధ్యత చూసే ఆఫీసు ముందో పెట్టాలి. టిబిలిసిలో రాసుకున్న ఐదో మాట, భాగస్వామ్యం అంటే ఇదే. తన చేత్తో ఏరి, లెక్కపెట్టి, పెద్దల ముందు నిలబడి చదివిన పిల్లాడు మళ్ళీ కవరు విసరడని హామీ ఇవ్వలేను, కానీ విసిరే ముందు వాడి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

గాలి నాణ్యత చూపించే యాప్‌లు కూడా పిల్లలు ఇష్టపడతారు, కాకపోతే అందులో కనిపించే అంకె మీ స్కూలు గాలిది అయ్యే అవకాశం తక్కువ, దగ్గర్లో ఉన్న కొలత కేంద్రానిదో, కంప్యూటర్ వేసిన అంచనానో అయి ఉంటుంది. రెండు యాప్‌లు రెండు అంకెలు చూపిస్తే టెన్షన్ పడక్కర్లేదు, దేశానికో సూచీ లెక్క ఉంది. సూచీని వదిలేసి పీఎం 2.5, అంటే గాలిలో తేలే అతి సన్నని ధూళి కణాలు, ఎన్ని మైక్రోగ్రాములో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అంతకుముందు ఆ హద్దు 10 ఉండేది. ఎందుకు సగానికి తగ్గించారో పిల్లలతో చర్చించండి, ఒక పీరియడ్ అయిపోతుంది.

మీ హెడ్మాస్టరు గారి మాట కొట్టిపారేయకండి, ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త వచ్చిందనీ, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకొచ్చింది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతోంది. ఒక స్మార్ట్‌ఫోన్ వల్ల వాతావరణంలోకి వెళ్ళే కర్బన వాయువుల్లో ఎక్కువ భాగం దాన్ని తయారుచేసేటప్పుడే వెళ్ళిపోతుంది, మనం ఛార్జింగ్ పెట్టేది దాని ముందు తక్కువే. కాబట్టి ఈ కార్యక్రమం కోసం ఒక్క ఫోన్ కూడా కొత్తది కొనకండి, టాబ్లెట్లు ఇస్తామని దాతలు ముందుకొచ్చినా వద్దనండి. స్టాఫ్ రూమ్‌లో ఇద్దరు ముగ్గురి ఫోన్లు చాలు. నలుగురైదుగురికి ఒక ఫోన్ ఉంటేనే మంచిది కూడా, ఎవరి ఫోన్‌లోకి వాళ్ళు తలదూర్చకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ బ్యాటరీ బాగుంటే తెమ్మనండి. హెడ్మాస్టరు గారికి ఇవన్నీ చెప్పి, మొదటిసారి బయటికి వెళ్ళేటప్పుడు ఆయన్నే రమ్మని పిలవండి, ఫోన్ కూడా ఆయన చేతికే ఇవ్వండి.

మీ మరిది పడ్డ కష్టం వృథా పోనివ్వక్కర్లేదు. ఆ పెద్ద యాప్‌లు చేయలేని పని ఒకటుంది. వాటిలో చాలా మొక్కలకు, పురుగులకు శాస్త్రీయ నామమో ఇంగ్లిష్ పేరో తప్ప మన భాషలో పేరుండదు. ఐనాచురలిస్ట్‌లో ఎవరైనా తమ భాషలో పేరు చేర్చొచ్చు, అది మీరు చేయండి. ఇక మీ యాప్‌లో చిట్కాలు, క్విజ్‌లు తీసేసి, మీ పిల్లలు చూసినవి మాత్రం ఉంచండి: ఒక్కో మొక్కకు వాళ్ళు తీసిన ఫొటో, ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో దాని పేరు, దానితో ఏం చేసేవారో చెబుతుండగా రికార్డు చేసిన గొంతు, అర నిమిషం చాలు. రికార్డు చేసే ముందు వాళ్ళ అనుమతి అడగాలి. మందు అని చెప్పినవాటి పక్కన "వాడేముందు డాక్టరును అడగండి" అని తప్పకుండా రాయాలి. నెట్ లేకుండా తెరుచుకోవాలి, సైజు చిన్నగా ఉండాలి, పాత ఫోన్లలో నడవాలి, ఏ నోటిఫికేషనూ పంపకూడదు. మీ మరిదిని సర్వర్ కూడా పెట్టొద్దనండి, ఏడాదికోసారి కొత్త ఫొటోలు కలిపి మళ్ళీ ఇస్తే చాలు. మొదటి ఏడాది ఇరవై మొక్కలు పూర్తయితే ఆ జాబితా నాకు పంపండి, చూడాలని ఉంది.